ఇంటికి ఇంటర్నెట్టు: ఎవరి తీగ పెట్టించుకోవాలి?

పూర్వం మూకండపల్లిలో ఇల్లు అద్దెకు చూడబోయినవారు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: "నీళ్లున్నాయా అమ్మా?" బోరు ఎన్ని అడుగులు, ట్యాంకరు ఎన్నాళ్లకొకసారి వస్తుంది అనేది తేలిన తరువాతనే అద్దె మాట. ఇప్పుడా ప్రశ్న పోలేదు గాని, దానికంటె ముందు మరొకటి వచ్చి కూర్చున్నది. పెళ్లికాని కుర్రవాడైనా, మనుమలను వెంటబెట్టుకొని వచ్చిన పెద్దావిడైనా గుమ్మంలో నిలబడే, "నెట్టు ఎవరిది పెట్టించారండీ? బాగా వస్తుందా?" అంటున్నారు. ఇంటివారు చెప్పే జవాబు కూడా ఎక్కడ చూచినా ఒకటే. "బాగానే వస్తుందండీ, ఎప్పుడన్నా పోతుందంతే." ఆ 'ఎప్పుడన్నా' అనే మాటలో ఎంత భాగోతం ఇమిడి ఉన్నదో కొంచెం విచారించాలని మా ఉద్దేశం.

మన సంఘ సభ్యులలో పలువురు ఇటీవల మమ్మల్ని ఇదే అడుగుతున్నారు. ఫలానా కంపెనీ మంచిది అని ఒక పేరు చెప్పి చేతులు దులుపుకోవచ్చు. కాని ఒక వీధిలో చక్కగా పనిచేసే కంపెనీయే పక్క వీధిలో ఏడిపించడం కద్దు. పైగా పేరు చెప్పినవాళ్లం తరువాత సంజాయిషీలు చెప్పుకోవలసి వస్తుంది! కాబట్టి పేరు చెప్పడం కంటె, ఎంచుకునేవారు ఏయే సంగతులు అడిగి తెలుసుకోవాలో చెప్పడమే న్యాయమని తోచింది.

మూకండపల్లి ఒకనాడు నిజంగా పల్లెయే. 1970లలో సిప్కాటు పారిశ్రామికవాడ వచ్చి, ఆ తరువాత లారీలు, మోటారు సైకిళ్లు, గడియారాలు చేసే కార్ఖానాలు ఒక్కొక్కటే హోసూరులో వెలిసి, చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లయిపోయినవి. పంచాయతీ పోయి హోసూరు మునిసిపాలిటీలో కలిసింది. 2019 నుంచి అది కార్పొరేషను. జిల్లా పేరు సేలం నుంచి 1965లో ధర్మపురికి, 2004లో కృష్ణగిరికి మారినా, పాతకాపు కుటుంబాల ఇళ్లలో మాట మాత్రం తెలుగుగానే నిలిచి ఉన్నది. ఊరు ఎంత పెరిగినా సందులు సందులుగానే ఉన్నవి. ఆ సందుల్లోని కరెంటు స్తంభాలకు వేలాడే నల్లతీగల గుత్తులను చూస్తే, ఈ వ్యాపారంలో ఎంతమంది దిగారో ఎవరూ చెప్పనక్కరలేకుండానే తెలుస్తుంది.

చరిత్ర క్లుప్తంగా చెప్పుకుందాం. ఒకప్పుడు మదరాసుకు మాట్లాడాలంటే ట్రంకాలు బుక్ చేసి గంటలకొద్దీ కాచుకునేవారు. మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్టు దక్కినది 1995 ఆగస్టు 15న. టెలిఫోను తీగ మీదనే కీచుమని అరుచుకుంటూ కలిసేది. ఇంట్లో ఎవరన్నా ఫోను ఎత్తితే తెగిపోయేది. 1998లో ప్రైవేటు కంపెనీలకు అనుమతి వచ్చింది. 2004లో కేంద్ర ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండు విధానమొకటి ప్రకటించి, సెకనుకు 256 కిలోబిట్లు వస్తే అది బ్రాడ్‌బ్యాండే అన్నది. మరుసటి ఏడే బి.యస్.ఎన్.ఎల్. వారు ఫోను తీగ మీద దాన్ని ఇళ్లకు అందించారు. ఆ 256 ను 2013లో 512 చేశారు, 2023లో 2 మెగాబిట్లు చేశారు. ఇవాళ కేబుల్ ఆయన వచ్చి "వంద పెట్టమంటారా, మూడు వందలా?" అని అడుగుతున్నాడు. అసలు మనకు ఎంత కావాలో ఆయనా చెప్పడు, మనమూ ఆలోచించం.

అది తరువాత చూద్దాం. ముందు మన ఊరికే ప్రత్యేకమైన చిక్కు ఒకటున్నది. బెంగుళూరు నుంచి 40 కిలోమీటర్లు. కొడుకో కోడలో ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం. అక్కడి స్నేహితుడు ఫలానా కంపెనీ అద్భుతమని చెబుతాడు. సరే, ఫోను చేస్తే, "మీ పిన్‌కోడు చెప్పండి" అంటారు. చెబుతాము. "సారీ, మీ ఏరియాలో మా సర్వీసు లేదండీ." అత్తిబెలె దాకా బోర్డు కనబడుతుంది, జూజువాడి ఇవతలకు రాదు! ఇదేమి వింత, మధ్యలో నది ఉన్నదా, కొండ ఉన్నదా అని చాలామంది విసుక్కుంటారు. నదీ లేదు, కొండా లేదు, లైసెన్సు ఉన్నది. 2013 నాటి ఏకీకృత లైసెన్సు పద్ధతిలో ఇంటర్నెట్టు కంపెనీలను మూడు తరగతులు చేశారు. ఎ తరగతివారు దేశమంతటా తీగ లాగవచ్చు. బి తరగతివారికి ఒక టెలికాం సర్కిలు, అనగా దాదాపు ఒక రాష్ట్రం, మటుకే హద్దు. సి తరగతివారికి ఇంచుమించు ఒక జిల్లా అంత మేర. కర్ణాటక సర్కిలుకు మాత్రమే లైసెన్సు ఉన్న బెంగుళూరు సంస్థ మన చెక్‌పోస్టు దాటి ఒక్క గజం తీగ కూడా వేయకూడదు. దేశమంతటి లైసెన్సు ఉన్న పెద్ద కంపెనీలకు ఆ అడ్డు లేదు గాని, వాటికి కూడా మనం తమిళనాడు లెక్కలోనే వస్తాము. బెంగుళూరులో వారు ప్రకటించిన రాయితీ మనకు వర్తిస్తుందో లేదో విడిగా అడగవలసిందే.

ఇదే హద్దు అటు చిత్తూరు వైపు కూడా ఉన్నది. కుప్పం నుంచి చుట్టాలు వస్తే, "మాకు ప్రభుత్వ ఫైబరు వచ్చింది, చవక" అంటారు. నిజమే. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్టును 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పుడు, నెట్టూ టీవీ ఫోనూ మూడూ కలిపి నెలకు 149 రూపాయలకు ఇస్తామన్నారు. కొత్తగా భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగి, ఇంటింటికీ ఇచ్చే పని ఊళ్లలోని కేబుల్ ఆపరేటర్లకే అప్పగించారు. మంచి యోచన. కాని అది అక్కడివారికి. చుట్టాల ధరతో మన ధరను పోల్చుకొని బాధపడితే ప్రయోజనం లేదు.

ఇకపోతే మన వీధిలోకి వచ్చేవారు ఎవరు? స్థూలంగా నాలుగు రకాలు. దేశమంతటా ఉన్న పెద్ద ప్రైవేటు కంపెనీలు, బి.యస్.ఎన్.ఎల్.; స్థానిక కేబుల్ ఆపరేటరు సొంతంగానో, మరొక కంపెనీకి ఏజెంటుగానో ఇచ్చేది; చివరగా, తీగ లేకుండా డాబా మీద పెట్టె పెట్టి సెల్ టవరు నుంచి అందుకునేది. ఈ చివరిదాన్ని పెద్ద కంపెనీలు 2023 నుంచి ఎయిర్‌ఫైబరని పేరు పెట్టి అమ్ముతున్నవి. పేరులో ఫైబరు ఉన్నది గాని ఇంటికి వచ్చేది గాలే సుమా! తీగ లాగడానికి వీలులేని చోట, తరచు ఇళ్లు మారే అద్దెవారికి అది ఉపకరిస్తుంది. టవరుకు ఎదురుగా కొత్త మేడ లేచినా, ఆ టవరు మీద సెల్‌ఫోన్ల రద్దీ పెరిగినా దాని వేగం తగ్గుతుంది. తీగ వచ్చే ఇంటివారు తీగనే పెట్టించుకోవడం మేలని మా అభిప్రాయం.

బి.యస్.ఎన్.ఎల్. అంటే పాత తరంవారికి ఒక అభిమానం, కొత్త తరంవారికి ఒక చిరునవ్వు. రెండూ సగం సగమే సబబు. ఇప్పుడు వారి ఫైబరును చాలా చోట్ల ఇంటికి తెచ్చి ఇచ్చేది వారి సొంత లైన్‌మ్యాను కాదు. ఆదాయంలో వాటా మీద పనిచేసే స్థానిక భాగస్వామి. అతడు తరచుగా మన కేబుల్ ఆయనే అవుతాడు. అందుచేత కంపెనీ పేరు చూచి మెచ్చుకోవడమో తిట్టుకోవడమో కంటె, ఈ వీధికి ఆ భాగస్వామి ఎవరు అని విచారించడం తెలివైన పని.

ఈ కేబుల్ ఆయన సంగతి కొంచెం విపులంగా చెప్పాలి. ఎందుకంటే మన వీధుల్లో అసలు కథ అతనిదే. పాతికేళ్ల కిందట డాబా మీద గిన్నె పెట్టి చానెళ్లు ఇచ్చిన కుటుంబాలలో కొన్ని ఇప్పుడు నెట్టు ఇస్తున్నవి. అతడు మనతో తెలుగో, తమిళమో, కన్నడమో, ఏది కావలిస్తే అది మాట్లాడతాడు. రాత్రి పదింటికి ఫోను చేస్తే ఎత్తుతాడు. పండుగనాడు తీగ తెగితే నిచ్చెన భుజాన వేసుకొని వస్తాడు. పెద్ద కంపెనీకి ఫోను చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని పాట వినిపించి, చివరకు ఎక్కడో కూర్చున్న మనిషి "రౌటరు ఆఫ్ చేసి ఆన్ చేయండి" అంటాడు. ఇంతవరకు కేబుల్ ఆయనదే పైచేయి.

అయితే అతని బలహీనత కూడా తెలుసుకోవాలి. చెరువు కింద ఆయకట్టును తలచుకోండి. మన పొలానికి వచ్చే పిల్లకాలువ ఎంత వెడల్పున్నా, తూము నుంచి వదిలిన నీళ్లే గదా పారవలసింది! చిన్న ఆపరేటరు పై కంపెనీ దగ్గర కొంత సామర్థ్యాన్ని టోకున కొని, దాన్ని ఇళ్లకు పంచుతాడు. ఉదయం పదింటికి అందరికీ పుష్కలం. రాత్రి ఎనిమిది నుంచి పది దాకా ఇంటింటా క్రికెట్టో సినిమానో పెట్టినప్పుడు చివరి మడి ఎండుతుంది. ఈ రద్దీ పెద్ద కంపెనీలకూ లేకపోలేదు. చాలా చోట్ల వాడే ఫైబరు పద్ధతిలో ఒక మూలం నుంచి సెకనుకు సుమారు 2,488 మెగాబిట్లు బయలుదేరి, కరెంటు అవసరం లేని చిన్న విభాజక పెట్టెలలో చీలి, 32 ఇళ్లకో 64 ఇళ్లకో పోతుంది. అందరూ ఒకే క్షణాన గరిష్ఠంగా వాడితే 32 ఇళ్లకైతే తలకు సుమారు 78, 64 ఇళ్లకైతే సుమారు 39. అందరూ ఒక్క క్షణాన వాడరు కాబట్టి ధర్మంగానే వంద అని అమ్ముతారు. కాని టోకున తక్కువ కొని చిల్లరగా ఎక్కువ అమ్మినవాని గుట్టు మాత్రం రాత్రి తొమ్మిదింటికి బయటపడుతుంది. అందుచేత కనెక్షను తీసుకోబోయేవారు అదే వీధిలో, వీలైతే అదే స్తంభం నుంచి తీగ లాగించుకున్న ఇంటికి రాత్రి తొమ్మిదింటికి వెళ్లి, ఒక కాఫీ తాగి, వారి ఫోనులో వేగం చూడాలి. పగలు చూచినది పరీక్షే కాదు.

వేగాన్ని గురించి మరొక భ్రమ ఉన్నది. కంపెనీలవారు చెప్పేది మెగాబిట్లు. సినిమా పరిమాణం చెప్పేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. వంద అంటే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లన్నమాట. ఒకటిన్నర గిగాబైట్ల సినిమా సవ్యంగా వస్తే రెండు నిమిషాలలో దిగుతుంది. చక్కని స్పష్టత గల బొమ్మ టీవీలో ఆడడానికి 5 మెగాబిట్లు చాలు. బొమ్మ కనబడేలా ఆఫీసు సమావేశానికి పోవడానికి, రావడానికి మూడు నాలుగు చొప్పున చాలు. నలుగురున్న ఇంట్లో ఇద్దరు పనిచేస్తూ, ఒకరు చదువుకుంటూ, ఒకరు సీరియల్ చూస్తున్నా నిజంగా వచ్చే 40, 50 తో దర్జాగా జరిగిపోతుంది. కాగితం మీది 300 కంటె కట్టుదిట్టమైన 50 నయం. ఎక్కించే వేగం ఎంత అని కూడా అడగండి. ఇంటినుంచి పనిచేసేవారికి దించే వేగమెంత ముఖ్యమో అదీ అంత ముఖ్యం. ప్రకటనలో పెద్ద అక్షరాలలో ఉండేది దించే వేగమే.

ఇక సొమ్ము విషయం. 499 అన్నది 499 కాదు; 18 శాతం జి.ఎస్.టి. కలిసి 588 రూపాయల 82 పైసలవుతుంది. ఇది అందరూ కట్టేదే. 'అన్‌లిమిటెడ్' అన్న మాటకు కూడా ఒక పరిమితి ఉంటుంది. ఇన్ని గిగాబైట్లు దాటితే వేగం తగ్గిస్తారు. అలా తగ్గించినా 512 కిలోబిట్లకు దిగువకు పోరాదని ట్రాయి 2016లో ఆదేశించింది గాని, ఆ 512 తో ఇవాళ వీడియో సమావేశం జరగదు. తగ్గిన తరువాత ఎంత వస్తుందో అంకెతో సహా చెప్పించుకోవాలి. ఉచితంగా ఇస్తామనే సినిమా చానెళ్ల మూటలో తెలుగువి ఉన్నవా అనేది మరొక ప్రశ్న. తమిళనాడు మూటలో తమిళానికే పెద్దపీట వేస్తే తప్పుపట్టలేము. మనకు కావలసింది లేకపోతే దానికోసం పై ప్లానుకు పోవడం మాత్రం వృథా.

అసలు మోసపోయేది ముందుగా కట్టించుకునే చోట. ఆరు నెలలు కడితే ఒక నెల ఉచితం, ఏడాది కడితే రెండు నెలలూ రౌటరూ ఉచితం అంటారు. లెక్కకు లాభమే. కాని సొమ్ము చేతిలో పడిన తరువాత మనం ఖాతాదారులం కాము, అర్జీదారులం. మాకు తెలిసిన ఒక కుటుంబంవారు ఏడాదికి కట్టేశారు. అమ్మాయికి ఇంటి నుంచే ఉద్యోగం. నాలుగో నెలలో రోడ్డు పనిలో తీగ తెగి, పదకొండు రోజులు బాగుచేయలేదు. ఆ పదకొండు రోజులూ ఆ పిల్ల రోజుకు రెండు బస్సులు మారి బెంగుళూరు ఆఫీసుకు పోయి, రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరింది. ఇంట్లో మంచాన ఉన్న అత్తగారిని పొరుగింటివారు చూచుకున్నారు. వేరే కనెక్షను పెట్టించుకుందామంటే, కట్టిన డబ్బు ఎదుట నిలిచి చేతులు కట్టేసింది. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. ఏ సంస్థతోనైనా ఇది జరగవచ్చు. మొదటి మూడు నెలలూ నెలనెలా కట్టి, వానాకాలం ఒకటి గడిచిన తరువాత, ఏడాది సంగతి ఆలోచించవచ్చు. రౌటరు మనదా, అద్దెదా, మానుకున్నప్పుడు తిరిగి ఇవ్వాలా, డిపాజిట్టు ఎన్నాళ్లలో వస్తుంది అన్నవి కాగితం మీద గాని, ఫోను సందేశంలో గాని రాయించుకోవాలి. నోటిమాట మీద ఇచ్చిన డిపాజిట్టు నోటిమాట మీదనే పోతుంది.

తీగ తెగడం మన ఊళ్లో తప్పనిది. సిప్కాటు లారీల మీది ఎత్తైన సరుకు తగులుకొని తెగుతుంది, కాలువ తవ్వితే తెగుతుంది, చెట్టుకొమ్మ పడితే తెగుతుంది. రాగి తీగను మెలివేసి అతికించినట్లు దీన్ని అతికించడానికి వీలులేదు. వెంట్రుకంత గాజు పోగు రెండు కొసలనూ కరిగించి కలిపే యంత్రం కావాలి. కనుక అడగవలసిన గట్టి ప్రశ్న ఇది: ఆ యంత్రం మీ దగ్గర ఉన్నదా, హోసూరులో ఎవరి దగ్గరన్నా తెచ్చుకుంటారా, బెంగుళూరు నుంచో కృష్ణగిరి నుంచో రావాలా? ఈ జవాబును బట్టి మన నెట్టు రెండు గంటలలో వస్తుందా, రెండు రోజులలోనా అన్నది తేలిపోతుంది. ఇంట్లో పెట్టె మీద ఎల్.ఓ.ఎస్. అన్న చోట ఎర్రదీపం వెలిగితే వెలుగు ఇంటిదాకా రావడం లేదని అర్థం. పెట్టెను వందసార్లు ఆపి వేసినా లాభం లేదు. ఫోను చేసినప్పుడు "ఎర్రదీపం" అని మొదటే చెబితే సగం సంభాషణ తగ్గుతుంది.

ఇంటి లోపలి తప్పులకు కంపెనీని తిట్టడమూ న్యాయం కాదు. పెట్టెను వీధిగదిలో టీవీ వెనుక దాచి, నాలుగు గోడల అవతల వంటింట్లో రావడం లేదంటే ఎలా వస్తుంది? రౌటరు రెండు రకాల తరంగాలు పంపుతుంది. 5 గిగాహెర్ట్జులది వేగంగా పోతుంది, గోడ దాటదు. 2.4 ది గోడ దాటుతుంది, వేగం తక్కువ. ఇంటి మధ్యలో, ఛాతీ ఎత్తున పెడితే రెండూ సాగుతవి. తీగను తలుపు సందులో నలగనీయకూడదు, మేకుకు మడిచి కట్టకూడదు. గాజు కదా, వంచిన చోట వెలుగు కారిపోతుంది. కరెంటు పోయినప్పుడు ఫైబరు పోదు, మన పెట్టె ఆరిపోతుందంతే. చాలా పెట్టెలు 12 వోల్టులతో నడిచేవే కాబట్టి, వాటికని అమ్మే చిన్న యు.పి.యస్. ఒకటి కొంటే కొన్ని గంటలు గడుస్తుంది. నెలనెలా విద్యుత్తు బోర్డువారు మరమ్మతు పేరిట ఆపే రోజున దాని విలువ తెలుస్తుంది.

ఫిర్యాదు చేసే పద్ధతి మనవారిలో చాలామందికి తెలియదు. 2012 నాటి ట్రాయి నిబంధనల ప్రకారం ముందు కంపెనీ ఫిర్యాదుల కేంద్రానికి చెప్పి, డాకెట్టు నెంబరు తీసుకోవాలి. ఈ నెంబరు లేని ఫిర్యాదు ఫిర్యాదు కాదు. దానితో తృప్తి కలగకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి 30 రోజులలో అప్పీలు చేయవచ్చు. రుసుము లేదు. 39 రోజులలో తేల్చాలి. ట్రాయికి నేరుగా రాస్తే వారు విడి విడి తగాదాలు తీర్చరు. అప్పటికీ కాకపోతే వినియోగదారుల కమిషను ఉన్నది. టెలికాం సేవల తగాదాలు కూడా అక్కడ వినవచ్చునని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. 1915 నెంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంవారు దారి చెబుతారు. కేబుల్ ఆయన స్నేహితుడే కావచ్చు. అయినా ఆయన దగ్గర కూడా రసీదు తీసుకోండి. రసీదు అడిగినంత మాత్రాన స్నేహం చెడదు.

ఇంత కష్టపడి ఎందుకు ఎంచుకోవాలి, సెల్‌ఫోనులో రాదా అని అడిగే పెద్దలున్నారు. వస్తుంది, ఒక్కరికి. కాని మన పిల్లల బడిలో తమిళం తప్పనిసరి. 2006 నాటి చట్టం అది. తమిళం నేర్చుకోవడం మంచిదే, ఇక్కడి నీళ్లు తాగేవాళ్లకు అవసరం కూడా. అయితే తెలుగు అక్షరాలు నేర్పే బాధ్యత ఇంటిమీద పడింది. ఈనాడు హైదరాబాదులోనో అమెరికాలోనో కూర్చున్న పంతులమ్మ సాయంత్రం ఆరింటికి తెర మీద కనబడి మన మనుమరాలి చేత గుణింతం దిద్దిస్తున్నది. పాత తెలుగు పుస్తకాలు, నిఘంటువులు తెర మీద దొరుకుతున్నవి. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో మన చుట్టుపక్కల ఊళ్ల గురించి రాయడానికి ఎవరన్నా పూనుకుంటే చోటున్నది. డెట్రాయిటులో ఉన్న కొడుకు ఆదివారం ఉదయం కనబడేదీ ఆ తీగ మీదనే. చుక్కలు చుక్కలుగా విరిగిపోయే ముఖాన్ని చూచి తల్లి ఫోను పెట్టేస్తే, మరి వారం దాకా చూపు లేదు.

ఇంట్లో ఒకరి జీతం ఈ తీగ మీద ఆధారపడి ఉంటే మేమిచ్చే సలహా వేరు. రెండు కనెక్షన్లు పెట్టుకోండి. ఒకటి పెద్ద కంపెనీది, రెండవది కేబుల్ ఆయన ఇచ్చే చవక ప్లాను. అవి రెండూ ఒకే స్తంభం నుంచి, ఒకే గుత్తిలో రాకుండా చూసుకోండి. లేకపోతే ఒకే లారీకి రెండూ తెగుతవి. అంత స్తోమత లేనివారు సెల్‌ఫోను హాట్‌స్పాటును రెండో తీగగా ఉంచుకోవచ్చు. జీతం ముడిపడని ఇళ్లకు మాత్రం ఒకటి చాలు, అది కూడా కేబుల్ ఆయన దగ్గరే అయితే మాకు అభ్యంతరం లేదు. కాకపోతే రాత్రి తొమ్మిది గంటల కాఫీ మానవద్దు.

వచ్చే నెల సభ్యుల సమావేశానికి వచ్చేవారు తమ వీధి పేరు, ఎవరి కనెక్షను, రాత్రి తొమ్మిదింటికి వచ్చిన వేగం, కిందటిసారి తీగ తెగినప్పుడు ఎన్ని గంటలకు బాగైందీ ఒక చీటీ మీద రాసి తెస్తే, వీధుల వారీగా ఒక పట్టీ తయారుచేసి సంఘం కార్యాలయంలో గోడకు అంటించగలము.